పాల మాఫీ

“చెయ్యను. ఏం చేసుకుంటారో చేసుకోండి.”

ఖమ్రున్నీసా గొంతుకు ఆ ప్రొద్దుటూరు ఆసుపత్రి వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నర్సు వచ్చి గట్టిగా మాట్లాడొద్దంది. నర్సునూ ఒక చూపు చూసింది ఆమె.

లోపల ఐసీయూలో ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆరిఫ్ ఉన్నాడు. ఎర్రగుంట్ల దగ్గర అతని బైకును సిమెంటు లారీ గుద్దింది. ఆ రోజు మూసుకున్న కళ్లు మళ్లీ తెరవలేదు. వెంటిలేటరే ఊపిరి. మెదడు ఇక కోలుకోదని డాక్టర్ల బోర్డులు రెండు, ఒకదాని తర్వాత ఒకటి చూసి తేల్చేశాయి. వెంటిలేటర్ తీసేయడానికి ఇంటివాళ్లు ఊఁ అనడమే తరువాయి.

లాయరు జయకర్‌ను జమ్మలమడుగు నుంచి బంధువులే పిలిపించారు. మంచి మనిషి. నిదానంగా చెప్పాడు.

“అమ్మా, ఇది చంపడం కాదు. సూది వేసి చంపితే నేరం. మిషన్ తీసేసి, వచ్చే చావును రానిచ్చేదానికి సుప్రీంకోర్టే ఒప్పుకునింది.”

“కోర్టు ఒప్పుకునింది సార్. నేను ఒప్పుకోలేదు.”

“వాడు లేచి కూచుంటాడని ఆశ పెట్టుకోవద్దమ్మా.”

“లేచి కూచుంటాడని నేను యాడ అంటి? పోయేదయితే వానంతట వాడే పోనీ అంటాండా. దానికి టైము పెట్టేదానికి మీరెవరు?”

జయకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు ఆడబిడ్డ పీరాంబీ ముందుకొచ్చింది. ఆరిఫ్ తండ్రి మొయిన్‌కు అక్క. పులివెందుల నుంచి పొద్దున్నే వచ్చింది. ఆ ఇంట్లో ఆమె మాటంటే మాటే.

“వాని ఒంటికి ఎన్ని పైపులు పెట్టిండారో చూసినావా ఖమ్రూ? అదొక బతుకా? నీ కోసరం వాన్ని ఇంకెన్ని దినాలు అట్ల పండబెడతావు?”

ఖమ్రున్నీసా కళ్లు నిండాయి. ఆ ప్రశ్న తనను తాను అడుక్కోని రోజు లేదు ఆమెకు. అయినా తల అడ్డంగానే ఊపింది.

ఆమె కాదన్నంత మాత్రాన ఎవరూ ఆగేవాళ్లు కారు. తండ్రి సంతకం ఉంటే చాల్లే అని పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్నారు. మొయిన్ చేతికి పెన్ను కూడా ఇచ్చారు. అడ్డం పడింది మొయినే.

“ముందు ఆమెను పాలు మాఫ్ చెయ్యమనండి. తల్లి పాలు మాఫ్ కాకుండా బిడ్డను పంపిస్తే, రేపు పైన నేనేం జవాబు చెప్పాల?”

పెద్దవాళ్లు పెన్ను వెనక్కి తీసుకున్నారు. వాళ్ల ఇళ్లలో ఏనాటి నుంచో ఉన్న ఆనవాయితీ అది. పోయే బిడ్డకు తల్లి తన పాలు మాఫ్ చేసినానని నోటితో చెప్పాలి. చెప్పకుంటే ఆ ప్రాణం బాకీతో పోతుందని భయం. అట్లాంటిది కితాబులో యాడా లేదని మసీదు హజ్రత్ చెప్పి చూశాడు. పీరాంబీ వినలేదు. తన తల్లి చేసిన పని, ఆమె తల్లి చేసిన పని ఎట్లా తప్పవుతుంది?

ఇంకేముంది! సుప్రీంకోర్టు తీర్పూ, రెండు బోర్డుల మాటా వచ్చి ఖమ్రున్నీసా నోటి దగ్గర ఆగిపోయాయి.

“మీరిద్దరూ కువైట్‌లో ఉండంగ పుట్టినోడు,” అంది పీరాంబీ, గొంతు తగ్గించి. “మూడేండ్లోడయినాక ఈడికొచ్చినాడు. ఆ ఎండల్లో, పరాయోళ్ల ఇంట్లో వంట చేసుకుంటా, నీ పాలు పోసి సాకినావు. మేమెవరం సాయం రాలేదు. కాదంటాండామా? ఆ పాలే వాన్ని ఇప్పుడు కట్టేసిండేది. ఒక్క మాట అను తల్లీ. వాన్ని ఇడిసిపెట్టు.”

ఖమ్రున్నీసా మొగుడి వైపు చూసింది. మొయిన్ తల ఎత్తలేదు.

“అనను ఆపా. మీ కోర్టును అడగమను, హజ్రత్‌ను అడగమను. మాఫ్ చెయ్యనంటే చెయ్యను.”

“నీది రాతి గుండె,” అంటూ ఏడ్చేసింది పీరాంబీ.

“అవును. రాయే.”

డాక్టరమ్మ బయటికి వచ్చి ఏమనుకున్నారని అడిగింది. జయకర్ ఫైలు మూసి లేచాడు. “ఇంట్లో ఒక మాట మీదికి రాలేదు మేడమ్. ఇంకొన్నాళ్లు చూద్దాం.” ఆమె తలుపు తీసుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకునేదాకా మిషన్ చప్పుడు వినిపించింది.

సాయంత్రం అసర్ నమాజు వేళయింది. మగవాళ్లు మసీదుకు బయల్దేరారు. పీరాంబీ ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. మొయిన్ మాత్రం, మీరు నడవండి వస్తానని వెనకబడి, రెండు టీలు తెచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

“పెన్ను చేతికిస్తే పాల మాట ఎత్తినావే,” అంది ఖమ్రున్నీసా.

మొయిన్ ఐసీయూ తలుపు వైపు చూశాడు. తర్వాత ఎవరూ వినకుండా అన్నాడు.

“నీకసలు పాలే పడలేదని, కువైట్‌లో వానికి డబ్బా పాలు కలిపి తాపింది నేనేనని ఈడ ఎవరికి తెలుసు ఖమ్రూ?”