బాతుపిల్లలు

బ్లడ్ బ్యాంకు ముందు కుర్చీలో కూర్చున్న ఆమె చేతిలోని వీడియోగేమ్ కువకువమంది.

జగదీశ్‌కు ఒళ్లు మండింది.

మండదా మరి? కూతురు అరుణను డెంగీతో తొండుపల్లి నుంచి శంషాబాద్ దవాఖానకు తెచ్చాడు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. ఇవాళే ఎక్కించకపోతే కష్టమన్నారు డాక్టర్లు. చుట్టాలకు, దోస్తులకు అందరికీ ఫోన్ చేశాడు. ఒకరికి గ్రూపు కలవదు, ఇంకొకరికి ధైర్యం చాలదు.

ఇక్కడ చూస్తే నలభై దాటిన మనిషి, పక్కన సూట్‌కేసు పెట్టుకుని ఆటలాడుతోంది!

"అక్కా, ఇది దవాఖాన. సినిమా హాల్ కాదు."

"ఎరుకే. గందుకే ఆడుతున్న" అంది తలెత్తకుండా.

"గీ వయసుల పిల్లల ఆట ఏంది?"

"గీన్ల ఎవ్వరు చావరు అన్నా. టైమ్ ఉండదు, ఓడుడు ఉండదు. తొవ్వ ముక్కలు జరిపి బాతుపిల్లలను చెరువుల దింపుడే. తప్పు జరిపితే పిల్ల తల గోక్కొని మళ్ల మొదటికొస్తది. పానం నిమ్మళమైతది."

"లోపల నా బిడ్డ పానం పోతుంటే నీకు నిమ్మళం గావాల్నా? బంద్ చెయ్!"

"చెయ్య."

"జర సిగ్గుండాలె!"

"సిగ్గెందుకు? దొంగతనం చేస్తున్ననా?" ఈసారి తలెత్తింది. చూపు దించలేదు. "నువ్వు ఒర్రు. నేను ఆడుత. ఎవరి భయం వాళ్లది."

జగదీశ్ గార్డును పిలిచి ఆమెను లేపమన్నాడు. ఆమె లేవలేదు. అంతలో వార్డు నుంచి పిలుపొస్తే తిట్టుకుంటూ పరుగెత్తాడు.

పొద్దు వాలేసరికి అరుణ మంచం పక్కన పసుపుపచ్చ సంచి వేలాడింది. ప్లేట్‌లెట్లు చుక్కచుక్కగా బిడ్డ ఒంట్లోకి దిగుతుంటే జగదీశ్ గోడవైపు తిరిగి ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని బ్లడ్ బ్యాంకుకు వచ్చాడు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పీడ పోయింది అనుకున్నాడు.

"సిస్టర్, ఎవరిచ్చిన్రు? కాళ్లు మొక్కుత."

"పేరు చెప్పకూడదండీ. మేం ఫోన్ చేస్తే దారిలోంచి వెనక్కి తిరిగొచ్చారు. ఇచ్చేసి, విమానం టైమైందని వెంటనే ఎయిర్‌పోర్టుకు పరుగెత్తారు."

"గంత గుండెధైర్యం ఉన్న మనిషి ఎవరో!"

సిస్టర్ నవ్వింది.

"ధైర్యమా! సూదంటే మహా భయమండీ ఆవిడకి. ఒక చేతికి సూది ఉన్నంతసేపూ, రెండో చేత్తో బాతుపిల్లల్ని చెరువులోకి దింపుతూనే ఉన్నారు."