కూర్చునే ముందు

ఏ కుర్చీలోనైనా కూర్చునే ముందు అరచేత్తో ఒకసారి తడుముతాను.

"ఏం, బుజ్జగిస్తున్నావా దాన్ని?" అంటారు మా ఆయన. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయనకా జోకు పాతబడలేదు.

టైలరు కూతుర్ని మరి. దుకాణం వెనక గదే మా ఇల్లు. మంచం మీద, చాప మీద, ఎక్కడ పడితే అక్కడ సూదులు. తడమకుండా కూర్చుంటే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అందరూ అంటే నలుగురం. నాన్నతో గొడవపడి ఒకరోజు అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నన్ను నాన్న దగ్గరే వదిలేసింది. అప్పుడు వాడికి ఐదేళ్లు. మళ్లీ ఇద్దరి జాడా లేదు.

ఇవాళ ఆ తమ్ముణ్నంటూ ఒకడు గుమ్మంలో నిలబడ్డాడు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, చేతిలో అమ్మ ఫోటో.

ఫోటోదేముంది, ఎవడైనా తెస్తాడు.

నాన్న పోయి నెల కాలేదు. దుకాణం అమ్మకానికి పెట్టామని వీధి వీధంతా తెలుసు. సరిగ్గా ఇప్పుడే గుర్తొచ్చిందా అక్క?

కూరగాయలవాడు నవ్వుతూ తూచినా రెండోసారి తూయించే మనిషిని నేను. లోపలికి రానిచ్చాను గానీ కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు.

"దుకాణం గోడలు ఏ రంగు?"

"పచ్చ అనుకుంటానండీ."

నీలం.

"నాన్న మిషను ఎక్కడుండేది?"

"కిటికీ పక్కన."

మా దుకాణానికి కిటికీయే లేదు.

"నన్నేమని పిలిచేవాడివి?"

తల గోక్కున్నాడు. "అక్కా అనే కదండీ?"

పిచ్చుకా అని పిలిచేవాడు మా తమ్ముడు. ఒక్కసారి కూడా అక్కా అన్న పాపాన పోలేదు.

మా ఆయన కళ్లతోనే 'దొరికాడు' అన్నారు.

నాకు సంతోషంగా ఉండాలి. లేదు. వాడే అయితే బాగుండునని ఇంతసేపూ కోరుకున్నానని అప్పుడు తెలిసింది.

"ఆ ఇంటి గురించి అడిగితే అమ్మ ఏడ్చేదండీ. అందుకని అడగడం మానేశాను," అన్నాడతను. "నేను వాటా కోసం రాలేదు. మిమ్మల్ని ఒక్కసారి చూద్దామని."

"అందరూ అలాగే అంటారు."

అతను ఫోటో జేబులో పెట్టుకున్నాడు.

మా ఆయనకి మొహమాటం ఎక్కువ. "మంచినీళ్లైనా తాగి వెళ్లండి," అంటూ కుర్చీ లాగారు.

"ఎందుకండీ శ్రమ, బస్సు టైమవుతోంది," అంటూనే అతను వెనక్కి చెయ్యి పెట్టాడు. కుర్చీ వైపు చూడనైనా చూడకుండా అరచేత్తో సీటంతా తడిమాడు. మూలలు కూడా.

మా ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏమైందండీ?" అన్నాడతను. చెయ్యింకా కుర్చీ మీదే ఉంది.

మా ఆయన చేతిలోంచి గ్లాసు నేనే అందుకున్నాను.

"సూదులేం లేవులేరా," అన్నాను. "కూర్చో."