తడవని తల

"మామయ్యా! బాత్రూంలోనే కాపురం పెట్టారా ఏంటి?"

కోడలు తలుపు దబదబా బాదింది. లోపల షవర్ సన్నగా కురుస్తూనే ఉంది. నీళ్లు ఆదా అవుతాయని మొన్ననే పాత షవర్ తీయించి, సన్నధారల కొత్తది పెట్టించిందామె. స్నానానికి సగం నీళ్లు చాలన్నాడు ప్లంబర్. తీరా చూస్తే ముసలాయన స్నానం రెట్టింపయింది.

"అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం."

"మీ ఒక్క నిమిషానికి ట్యాంకు అడుగంటేలా ఉంది!"

స్కూలు బ్యాగు తగిలించుకున్న పదేళ్ల కూతురు వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. "తాతయ్యని తిట్టకమ్మా."

"నువ్వు వకాల్తా పుచ్చుకోకు. వెళ్లి పాలు తాగు."

పిల్ల కదల్లేదు.

గడ్డం గీసుకుంటున్న భర్త, "పోనీవే, పెద్దాయన" అన్నాడు.

"మీకేం, చెబుతారు! నిన్న బయటికొచ్చాక చూశాను, తల తడవనే లేదు. నీళ్లు వదిలేసి లోపల ఏం వెలగబెడుతున్నట్టు? సబ్బుపొడి కూడా ఇట్టే అయిపోతోంది. షవర్ మార్చానని నా మీద పంతం. ఈ సంగతి ఇవాళ తేలకపోతే, సాయంత్రమే ఆయన్ని మీ అన్నయ్యగారింటికి బండెక్కించేస్తాను."

విసురుగా వెళ్లి మామగారి గదిలోకి తొంగిచూసింది. బీడీల్లేవు, సీసాల్లేవు. మంచం మీద బూడిదరంగు దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. ఆమె అనుమానం ఇంకాస్త ముదిరింది. నేరుగా పెరట్లోకి నడిచి, బాత్రూంకి వెళ్లే నీళ్ల వాల్వు కట్టేసింది.

తిరిగొచ్చేసరికి షవర్ ఆగిపోయింది. లోపల్నుంచి బట్టలు నలిపే చప్పుడు.

"తలుపు తీస్తారా, తీయించమంటారా?"

గడియ తీశాడు మామయ్య. లుంగీ పైకి దోపుకున్నాడు. తల పొడిగానే ఉంది. చేతుల్లో నురగలు కారుతున్న దుప్పటి ఉండచుట్టి ఉంది.

"రాత్రి... పక్క తడిసిందమ్మా. వయసు మీద పడింది కదా." ఆయన తల వంచుకున్నాడు. "ఈ కొత్త షవర్‌కి నురగ ఓ పట్టాన వదలట్లేదు."

కోడలి కోపం చప్పున చల్లారిపోయింది. "ఆ ముక్కేదో నాతో చెబితే పోయేదిగా మామయ్యా! ఇటివ్వండి, నేనుతుకుతాను."

"వద్దమ్మా, నేనే..." ఆయన కంగారుగా వెనక్కి లాక్కున్నాడు.

ఆమె ఊరుకుంటుందా? కొస పట్టుకుని ఇటు లాగింది. ఉండ విడిపోయింది. నురగలోంచి గులాబీరంగు కుందేళ్లు బయటపడ్డాయి.

కూతురి మంచానికని తను ఏరికోరి కొన్న దుప్పటి అది.