అక్షయపాత్ర

"తలుపు తీస్తావా, పగలగొట్టించమంటావా?"

కెప్టెన్ బాత్రూమ్ తలుపు దబదబా బాదుతోంది. లోపల గడియ. కుళాయి ధారగా పారుతున్న చప్పుడు తప్ప ఉలుకూ పలుకూ లేదు.

విచారణాధికారి డ్రెస్సింగ్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి ఇదీ పరిస్థితి. క్రికెట్ బోర్డు అవినీతి నిరోధక విభాగంలో ఆమె చాలా మ్యాచ్‌లు చూసింది. ఇంత పచ్చిగా, ఇన్ని కెమెరాల ముందు జరిగింది మాత్రం ఎన్నడూ చూడలేదు.

మహిళల వన్డేల్లో అత్యధిక జట్టు స్కోరు. ఇరవై ఏళ్లుగా ఎవరూ అందుకోలేని ప్రపంచ రికార్డు. ఇవాళ చివరి ఓవర్ మొదలయ్యేసరికి ప్రత్యర్థి జట్టు దానికింకా పాతిక పరుగుల దూరంలో ఉంది. క్రీజులో ఉన్నదేమో బ్యాట్ పట్టడమే అంతంతమాత్రం వచ్చిన ఇద్దరు. అలాంటి ఓవర్లో ఇప్పుడు బాత్రూమ్‌లో ఉన్న ఈ పిల్ల మూడు నో బాల్స్ వేసింది. గీతకి జానెడు అవతల కాలు పెట్టి మరీ. ఫ్రీ హిట్ వచ్చిన ప్రతిసారీ గోరుముద్ద పెట్టినట్టు ఓ ఫుల్‌టాస్. రికార్డు బద్దలైంది. ఇన్నింగ్స్ ముగిశాక మైదానంలోంచి పరుగెత్తుకొచ్చి గడియ పెట్టుకుంది.

"ఎంతకి అమ్ముడుపోయావే?" కెప్టెన్ అరిచింది.

"బంతి తన చేతికిచ్చింది మీరేగా?" అంది అధికారి నింపాదిగా.

కెప్టెన్ మొహం మాడిపోయింది. "ఓవర్ మిగిలింది తనకే మేడం. నన్ను అనుమానిస్తున్నారా?"

"నా ఉద్యోగమే అది."

అంతలో పరుగు పరుగున వచ్చింది ఆ పిల్ల తల్లి. అధికారి వెంటనే గుర్తుపట్టింది. గుర్తుపట్టనిదెవరు? ఇరవై ఏళ్ల కిందటి రికార్డు సమర్పించుకున్న బౌలర్ ఈవిడే. ఆఖరి బంతికి సిక్సర్ కొట్టించుకుని, పిచ్ మీదే కూలబడి, జెర్సీ మొహం మీదికి లాక్కున్న క్లిప్పు. ఏ జట్టు ఆ స్కోరు దరిదాపులకొచ్చినా టీవీలో అదే వేస్తారు. అడిగినన్ని పరుగులు వడ్డిస్తుందని 'అక్షయపాత్ర' అని పేరు కూడా పెట్టారు. కూరగాయల కొట్టుకెళ్లినా ఆ పేరుతోనే పిలిచేవారట.

"నేనొచ్చానమ్మా." తల్లి తలుపుకి చెంప ఆనించింది. "నా మాట ఏనాడూ కాదనలేదు నువ్వు. బయటికి రా, బంగారూ."

కుళాయి చప్పుడు టక్కున ఆగిపోయింది.

అమ్మ గొంతు పనిచేసింది, అనుకుంది అధికారి. తనూ దగ్గరికి జరిగింది.

"చూడమ్మా, ఎవరైనా బెదిరించి ఉంటే చెప్పు. పేరు చెబితే నీ ఆట మిగులుతుంది. లేదంటే జీవితాంతం నిషేధం. మళ్లీ బంతి ముట్టుకోలేవు."

తలుపు వెనకనుంచి సన్నగా గొంతు వినిపించింది.

"మీరొక్కరే ఉంటే చెప్తాను."

అధికారి కెప్టెన్ వైపు చూసింది. కెప్టెన్ పళ్లు నూరుతూ బయటికి నడిచింది. వెనకాలే మిగతా అమ్మాయిలూ గుసగుసలాడుకుంటూ వెళ్లారు.

గోడ మీది టీవీలో కొత్త క్లిప్పు మొదలైంది. పిచ్ మీద కూలబడ్డ పిల్ల. మొహం మీదికి లాక్కున్న జెర్సీ. మళ్లీ అదే, మళ్లీ అదే. తల్లి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. కళ్లల్లో చుక్క నీరు లేదు. పాపం, కన్నపేగు కొయ్యబారిపోయింది, అనుకుంది అధికారి.

"అందరూ వెళ్లిపోయారమ్మా. నేనూ, మీ అమ్మా తప్ప ఇక్కడ పురుగు కూడా లేదు. ఇంక భయం లేదు. గడియ తియ్యి."

గడియ కదల్లేదు.

"పోనీ, అక్కణ్ణించే చెప్పు. ఆ నో బాల్స్ వెయ్యమన్నది ఎవరు?"

"వెయ్యమన్న మనిషిని పక్కనే నిలబెట్టుకుని భయం లేదంటారేంటి మేడం... మా అమ్మే!"