పేరు ముందు రెండక్షరాలు

తెల్లారితే పాత ఫొటోల ప్రదర్శన. శ్రీకాకుళంలోని ఆ చిన్న చరిత్ర కేంద్రంలో నగరేశ్వరరావు మాస్టారు ఫొటోల కింద పేర్లు రాస్తున్నారు. పోయినవాళ్ల పేరు ముందు 'కీ.శే.' అని పెట్టడం అక్కడి పద్ధతి.

"అందరికీ రాసి అమ్మగారి పేరొక్కటీ ఒగ్గేసినారేటి మాస్టారూ?" అంది యమున, ఊడ్చడం ముగించి ఇంటికి బయల్దేరుతూ. "రేపు సూసినోళ్లు ఏటనుకుంతారు?"

ఆయన భార్య ఝాన్సీలక్ష్మి పోయి పది నెలలు. ఆ రెండక్షరాలు ఆయన ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. యమున వెళ్లాక పెన్సిలు తీసి, కాలేజీ ఫొటో కింద ఆవిడ పేరు ముందు రాశారు.

కిటికీలు మూసి వచ్చి చూస్తే అక్షరాలు లేవు. అట్ట మీద రబ్బరు పొట్టు ఉంది. తానే చెరిపానేమో అనుకుని ఈసారి ఒత్తి రాశారు. మంచినీళ్లు తాగి వచ్చేసరికి మళ్లీ పొట్టే. రబ్బరు మాత్రం గదిలో ఎక్కడా లేదు.

మాస్టారు ఆ పొట్టును మెల్లగా అరచేతిలోకి తీసుకున్నారు.

"సరే, రాయనులే" అన్నారు.

లోపల చీకటెందుకని, లైటు ఆర్పకుండానే తాళం వేశారు. మెట్లు దిగుతుంటే వెనక స్విచ్ టిక్కుమంది. తలుపు కింది వెలుతురు పోయింది.

ఎవరూ లేని గదిలో లైటు వెలిగితే ఝాన్సీలక్ష్మి ఏనాడూ ఊరుకోలేదు.