పాయింట్ ఎనిమిది

"సార్, నేను ఈయన హిమోగ్లోబిన్ పన్నెండు పాయింట్ ఎనిమిది కొట్టిన. తెర మీద పన్నెండే కనవడ్తంది. మళ్ల ఎర్ర గీత!"

గోదావరిఖని దవాఖానలో, బ్లడ్ బ్యాంకు నర్సు రాజకుమారి విసుగ్గా కీబోర్డు వదిలేసింది.

పక్కనే ఉన్న రుత్విక్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. రక్తదాతల వివరాలు ఎక్కించే ఆ ప్రోగ్రాం రాసింది అతనే. కానీ ఇవాళ ప్రోగ్రాం గోల ఎవడిక్కావాలి! కాన్పయిన భార్య హాసిని రక్తం పోతూ పై అంతస్తులో ఉంది. ఆమెది వేలల్లో ఒక్కరికుండే బాంబే గ్రూపు, అదే గ్రూపు రక్తం తప్ప వేరేది ఎక్కించకూడదు. సాయంత్రంలోగా ఒక్క ప్యాకెట్టయినా ఎక్కించాలి.

రక్తదాతల సంఘం జైపాల్ "దేవులాడ్తన్న అన్నా" అని పొద్దున ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

"తమ్మీ, జల్ది రక్తం తీస్కోరాదు," అన్నాడు కౌంటర్ ముందున్న మనిషి. భుజాన పసుపు తువ్వాల, చేతిలో టిఫిన్ డబ్బా. "ఎవలకో అర్జంటంటే ఒచ్చిన."

"ఈడికొచ్చేటోళ్లందరిదీ అర్జంటే!" అన్నాడు రుత్విక్.

"సైరన్ కూస్తే నేను బొగ్గు బాయిల దిగాలె. లోపటికి ఫోన్ తీస్కపోనియ్యరు. రాత్రి దాక ఎవలకూ దొర్క."

"రక్తం పన్నెండున్నరన్న ఉండాలె అన్నా. నీకు పన్నెండే ఉంది."

"మిషన్ల పాయింట్ ఎనిమిది చూపెట్టింది సార్," అంది రాజకుమారి.

పాయింట్ అన్న మాటకే రుత్విక్‌కు ఒళ్లు మండింది. మొన్నటిదాకా డేటాబేసులో ఆ గడి దశాంశాలు పట్టే ఫ్లోట్ రకం. 12.8 రాస్తే రిపోర్టులో 12.80000019 అని వచ్చేది. "ఈ తోకేందయ్యా?" అని పెద్ద డాక్టరు అందరి ముందూ నవ్వాడు. ఆ ఉక్రోషంలో దాన్ని పూర్ణాంకాలు మాత్రమే పట్టే ఇంటీజర్ చేసి పారేశాడు. తోకతోపాటు పాయింటూ ఎగిరిపోయింది. ఒక్క దశాంశం నిలిచేలా డెసిమల్ పెడితే సరిపోయేది. అంత ఓపిక ఎక్కడేడ్చింది!

ఎర్ర గీత పడితే పేరు, గ్రూపు రాసే గళ్లు తెరుచుకోవు. అందుకే ఆ మనిషిని అవేవీ ఎవరూ అడగలేదు.

"పల్లీలు, బెల్లం తిని వచ్చే నెల రా అన్నా. జర జరుగు, ఫోన్ చేస్కోవాలె."

"డ్యూటీ ముందల ఉరికొస్తే గిదా మర్యాద!" అని గొణుక్కుంటూ అతను వెళ్లిపోయాడు.

కాసేపటికి రెండో షిఫ్టు సైరన్ కూసింది.

ఆ వెంటనే జైపాల్ ఫోను.

"ఏందన్నా, ఎప్పుడు చేసినా ఎంగేజే! రక్తం తీస్కున్నరా?"

"ఎవలదిరా?"

"ముత్యమన్నది. జిల్లా మొత్తంల మనకు తెల్సిన బాంబే గ్రూపాయన గాయన ఒక్కడే. ఎప్పుడో పంపిన."

"ఈడికి ఎవలూ రాలే!"

"ఎట్ల రాడన్నా? మంచిగ చూడు, పసుపు తువ్వాల ఏస్కుంటడు."