ఎనిమిది జీబీ సాలదు

బిల్లు రాయబోతుంటే ఒక చెయ్యి వచ్చి కంప్యూటర్ మీద పడింది.

ఎర్రలైట్లు మిలమిలలాడే, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ఆ కంప్యూటర్‌ను నిరోష అప్పుడే ఖాయం చేసుకుంది. చెయ్యేమో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిది. మెడ చుట్టూ తువ్వాల, ఒళ్లో గుడ్డసంచి.

ఆయన వద్దన్నట్టు తల ఊపాడు.

"ఆయన మాట్లాడలేడమ్మా. పాత సామాను అమ్మనీకొచ్చిండు," అన్నాడు షాపు యజమాని పరమేష్, కాస్త చిరాగ్గానే. బేరం చెడితే ఎవరికి మాత్రం బాగుంటుంది?

రామన్నపేట నుంచి బాపును వెంటబెట్టుకుని నల్లగొండకు వచ్చింది నిరోష. వచ్చే సోమవారం ఉద్యోగ పరీక్ష. ఒకే కంప్యూటర్ కడుపులో నాలుగు వర్చువల్ మిషన్లు, అంటే నాలుగు ఉత్తుత్తి కంప్యూటర్లు, నడిపి చూపించాలి. మగ్గం నేసే బాపు లింగస్వామికి రెండోసారి కొనిచ్చే స్తోమత లేదు. ఇది తప్పితే ఉద్యోగమూ తప్పినట్టే.

పెద్దమనిషి చీటీ మీద రాశాడు: 'నాలుగు నడవాల్నంటె ఎనిమిది జీబీ ర్యామ్ సాలదు.'

"సాలుతది. మా పాలమూరు సార్ చెప్పిండు," అంది నిరోష.

పాలమూరు సార్ అంటే ఆమెకు దేవుడి తర్వాత దేవుడు. ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. ఫోన్‌లో పాఠాలు, వెనక ఒక గొంతు, అంతే. ఇంగ్లీషులో చెప్పేవాళ్లు బోలెడుమంది. ఇంట్లో అవ్వ మాట్లాడినట్టు మాట్లాడుతూ వర్చువల్ మిషన్లు నేర్పింది ఆ గొంతొక్కటే. ఏడాదిగా కొత్త పాఠం రాలేదు. పాతవే మళ్లీ మళ్లీ వింటోంది.

'ఆయన తప్పు చెప్పిండు,' అని రాశాడు పెద్దమనిషి.

నిరోషకు ఒళ్లు మండింది.

"ఆయన కంటె మీకెక్కువ ఎర్కనా? నేను తెలుగు మీడియం పిల్లను. ఇంగ్లీషు పాఠం ఇంటె ఏడుపొస్తుండె. ఆయన గొంతు లేకపోతె నేను గీడిదాక వస్తుంటినా?"

ఆయన పెన్ను ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని మళ్లీ రాశాడు.

'ఒక్కో మిషన్‌కు నాలుగు జీబీ పంచియ్యాలె. అసలు కంప్యూటర్‌కు జర మిగలాలె. ఎర్రలైట్లు, గేమ్‌ల కార్డు నీకు పనికిరావు. గా మూలకున్న నల్లది తీస్కొని ముప్పై రెండు ఏపిచ్చుకో.'

లింగస్వామి కూతురితో చదివించుకుని విన్నాడు.

"నాలుగు మగ్గాలు ఏసుకోవాల్నంటె జాగ ఉండాలె గద బిడ్డా. లైట్లేం జేసుకుంటం?"

బాపు మాట కాదనలేక సరేనంది. ఆ మనిషికి మాత్రం ఒక్క దండమైనా పెట్టలేదు.

ఆయన సంచి చంకన పెట్టుకుని లేచాడు.

"సామాను అమ్మరా?" అన్నాడు పరమేష్.

అమ్మనని చెయ్యి ఊపి, చిన్నగా నవ్వి, బస్టాండు దిక్కు నడిచాడు.

"ఏం తెచ్చిండన్నా?" అడిగింది నిరోష.

"మైకు. ఇగ దానితోని పనిలేదని రాసి చూపెట్టిండు. మల్ల ఏమనిపించిందో, వాపస్ తీస్కపోయిండు."

పరమేష్ నల్ల కంప్యూటర్‌లో ర్యామ్ బిగించాడు. నిరోష పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న మిషన్లను ఒక్కొక్కటే ఎక్కించింది. ఒకే తెర మీద నాలుగూ లేచి కూర్చున్నాయి. లింగస్వామి తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

వాడకంలో ఉన్న ర్యామ్ ఎంతో చూసింది. పద్దెనిమిది. ఎనిమిదే అయ్యుంటే రెండో మిషన్ దగ్గరే పని ఆగిపోయేది.

అయితే సార్ పాఠంలో తప్పుందా? నమ్మలేక ఫోన్‌లో ఆ పాఠం తెరిచింది. దాని కింద సార్ పేరుతో కొత్త మాటలున్నాయి, అరగంట క్రితం రాసినవి.

చదువుతూనే బస్టాండుకు ఉరికింది. పాలమూరు బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

"ఏమైంది బిడ్డా?" అంటూ ఆయాసపడుతూ వచ్చాడు బాపు.

నిరోష చదివి వినిపించింది: "గీ పాఠంల ఎనిమిది జీబీ సాలుతదని తప్పు చెప్పిన, మాఫ్ చెయ్యుండ్రి, ఆపరేషన్ల గొంతు పోయిందని పాఠాలు బంద్ పెట్టిన గని, ఇయ్యాల నల్లగొండల ఒక బిడ్డ నా గొంతు నాకు వాపస్ ఇచ్చింది, రేపటి సంది రాసి చెప్త."